ముందు చక్రం దగ్గర టకటక: బాల్ జాయింట్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల అందిన ఉత్తరాల్లో ఆరింటిని ఒకచోట చేర్చాను. వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినా అన్నీ ఒకే భాగం గురించి అడిగినవి కావడంలో వింతేమీ లేదు. వానాకాలమంతా గుంతల్లో, బురదనీళ్లలో తిరిగిన బండ్లు వరికోతల నాటికి చప్పుళ్లు మొదలుపెట్టడం మన వైపు ఏటా చూసేదే.

నర్సంపేట నుంచి ఒక ఉపాధ్యాయుడు: నాది పదేళ్ల నాటి చిన్న కారు, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. పోయిన నెల రోడ్డు మీద ఆరబోసిన వడ్ల చుట్టూ పెట్టిన రాయిని చీకట్లో ఎడమ ముందు చక్రంతో ఎక్కించాను. అప్పటి నుంచి స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ ఆ వైపు టకటకమంటోంది. ఒక మెకానిక్ బాల్ జాయింట్ పోయిందన్నారు, రెండో ఆయన లింక్ రాడ్ అన్నారు, మూడో ఆయన షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చాలన్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: మాస్టారూ, ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. ముగ్గురూ చెవితో తేల్చాలని చూశారు, చిక్కంతా అక్కడే ఉంది. ముందు చక్రం దగ్గర పుట్టిన చప్పుడు ఇనుము వెంట పాకి ఎక్కడో వినబడుతుంది. లింక్ రాడ్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే అడ్డ కడ్డీని చక్రం వైపుకు కలిపే చిన్న కడ్డీ) చివర్లలో ఉండేవి కూడా చిన్న బాల్ జాయింట్లే కాబట్టి అవి అరిగితే అచ్చం ఇలాంటి చప్పుడే వస్తుంది. చక్రం అడుగు భాగాన్ని బండి చట్రానికి కలిపే లోయర్ ఆర్మ్ లోపలి కొనలోని రబ్బరు బుష్ చిరిగినా, షాక్ అబ్జార్బర్ నెత్తిన ఉండే రబ్బరు మౌంటు కుంగినా విన్నంత మాత్రాన తేడా చెప్పడం చెయ్యి తిరిగిన మెకానిక్‌కు కూడా కష్టమే. చప్పుడు అనుమానించడానికే పనికొస్తుంది, తేల్చుకోవాలంటే బండి లేపి చెయ్యి పెట్టి చూడాల్సిందే.

సైన్సు పాఠంలో పిల్లలకు చెప్పే బంతి గిన్నె కీలును గుర్తు చేసుకోండి. భుజం దగ్గర ఎముక గుండ్రటి తల గిన్నెలో తిరిగినట్టే, ఇక్కడ ఒక ఉక్కు బంతి, గట్టి ప్లాస్టిక్ పొర పరిచిన గిన్నెలో తిరుగుతుంది. ఆ బంతికి ఒక కాడ ఉంటుంది. చాలా కార్లలో గిన్నె లోయర్ ఆర్మ్‌కు, కాడ చక్రాన్ని మోసే నకిల్‌కు బిగిసి ఉంటాయి. కొన్నింటిలో ఈ అమరిక తలకిందులుగా ఉంటుంది. చక్రం గుంతలో కిందికి దిగి పైకి లేచే కదలికను, స్టీరింగ్‌తో పక్కకు తిరిగే కదలికను ఈ ఒక్క కీలే భరిస్తుంది. లోపల గ్రీజు, బయట దాన్ని కాపాడే రబ్బరు బూటు ఉంటాయి. బూటు చిరిగితే నీరు చేరి గ్రీజును కడిగేస్తుంది, రేగడి బురదలోని సన్నటి ఇసుక సానరాయిలా పనిచేస్తుంది, నున్నటి బంతి మీద తుప్పు గుంటలు పడతాయి, ఆ గరుకు బంతి ప్లాస్టిక్ పొరను తినేస్తుంది. చివరికి బంతికీ గిన్నెకూ మధ్య ఖాళీ మిగులుతుంది. మెకానిక్‌లు ‘ఆట’ అనేది ఈ ఖాళీనే.

మీ కారులాంటి చిన్న కార్లలో చాలావరకు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్ పద్ధతి. అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ 1940ల చివర్లో రూపొందించిన ఈ పద్ధతిలో పై ఆర్మ్ ఉండదు. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు స్తంభమే చక్రానికి పై ఆధారం. బండి బరువు ఆ స్తంభం గుండానే దిగుతుంది కాబట్టి కింది బాల్ జాయింట్ మీద నిలువు భారం పెద్దగా ఉండదు. అయితే బ్రేకు వేసినప్పుడూ మలుపు తిరిగినప్పుడూ చక్రం అడుగు భాగం పక్కకు తన్నుకుపోకుండా పట్టుకునేది లోయర్ ఆర్మ్, దాని చివరనున్న ఈ జాయింట్ మాత్రమే. కాడ గిన్నెలోంచి ఊడివస్తే చక్రం అడ్డంగా వాలిపోయి బండి ముందు మూల నేలకు ఒరుగుతుంది, ఆ తర్వాత స్టీరింగ్ తిప్పి ప్రయోజనం ఉండదు.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. బండిని గట్టి, సమతలమైన నేల మీద నిలిపి, వెనుక చక్రాలకు రాళ్లు ఆనించి, ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండు మీద కూర్చోబెట్టాలి. చక్రం గాలిలో స్వేచ్ఛగా వేలాడుతున్నప్పుడు గడియారంలో 12, 6 అంకెలుండే చోట్ల టైరును రెండు చేతులతో పట్టుకుని, పై చేత్తో నెడుతూ కింది చేత్తో లాగాలి. చేతికి ‘టక్’మని ఆట తగిలితే మరొకరిని బ్రేకు పెడల్ తొక్కి ఉంచమనండి. అప్పుడు ఆట మాయమైతే దోషం చక్రం బేరింగ్‌ది. బ్రేకు తొక్కినా ఆట అలాగే ఉంటే చూపు బాల్ జాయింట్ వైపు తిప్పాలి. 3, 9 అంకెల చోట పట్టుకుని ఊపినప్పుడు ఆట తగిలితే స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే టై రాడ్ ఎండ్‌ను, స్టీరింగ్ ర్యాక్‌ను అనుమానించాలి. ఆ తర్వాత లోయర్ ఆర్మ్‌కూ నకిల్‌కూ మధ్య గడ్డపారలాంటి సన్నటి కడ్డీ దూర్చి మెల్లగా పైకీ కిందికీ ఎత్తండి, రెండో చేతి వేలిని మాత్రం జాయింట్ మీదే ఉంచండి. బంతి గిన్నెలో కదిలితే ఆ కదలిక వేలికి స్పష్టంగా తెలుస్తుంది. లింక్ రాడ్ సంగతి ఇంకా సులువు. దాన్ని చేత్తో పట్టుకుని ఊపితే అరిగినది అక్కడికక్కడే చప్పుడు చేస్తుంది.

మీ విషయంలో నాకు మరో అనుమానం ఉంది. రాయిని ఎక్కించిన చక్రం కాబట్టి లోయర్ ఆర్మ్ వంగిందేమో, రిమ్ అంచు నొక్కుకుపోయిందేమో ముందు చూడండి. వంగిన ఆర్మ్‌కు కొత్త బాల్ జాయింట్ వేస్తే డబ్బులు రెండుసార్లు పెట్టాల్సి వస్తుంది. రెండు వైపుల ఆర్మ్‌లను పక్కపక్కన పోల్చి చూస్తే వంపు కంటికి దొరుకుతుంది. మూడో మెకానిక్ చెప్పిన షాక్ అబ్జార్బర్ల మీద నూనె కారిన తడి లేకపోతే, బండి మూలను నొక్కి వదిలినప్పుడు ఊగులాడకుండా ఒక్కసారికే నిలబడితే, వాటిని ఇప్పుడు ముట్టుకోవద్దు.

కాజీపేట నుంచి ఒక పాఠకుడు: రైల్వేలో ఫిట్టర్‌గా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇంట్లో పనిముట్లన్నీ ఉన్నాయి. నా కారుకు కుడివైపు కింది బాల్ జాయింట్ అరిగినట్టు తేలింది. దాన్ని నేనే మార్చుకోవచ్చా? ఎక్కడ జాగ్రత్తపడాలి?

జవాబు: మీలాంటి చేతికి ఈ పని అందుతుంది. మొదలుపెట్టే ముందే తెలుసుకోవాల్సినది ఒకటుంది: మీ బండికి జాయింట్ ఏ పద్ధతిలో అమరింది? కొన్ని బండ్లలో రెండు మూడు బోల్టులతో ఆర్మ్‌కు బిగిస్తారు. కొన్నింటిలో ఫ్యాక్టరీలో రివెట్లు కొడతారు, ఆ రివెట్ల తలలను గ్రైండర్‌తో కోసి కొత్త జాయింట్‌తో వచ్చే బోల్టులు వేసుకోవాలి. కొన్నింటిలో ఆర్మ్ రంధ్రంలోకి ప్రెస్సుతో దింపుతారు. మరికొన్నింటిలో ఆర్మ్, జాయింట్ కలిపే అమ్ముతారు. విడిభాగాల దుకాణానికి వెళ్లేటప్పుడు ఆర్‌సీ కార్డు వెంట తీసుకెళ్లి చాసిస్ నంబరు చెప్పండి. ఒకే పేరుతో అమ్ముడైన కారుకు కూడా తయారీ ఏడాదిని బట్టి కాడ లావు మారిపోతుంది, బిగించేటప్పుడు గానీ ఆ సంగతి బయటపడదు.

చక్రం నట్లను బండి నేల మీద ఉన్నప్పుడే సగం చుట్టు వదులు చేసుకోండి. జాకీ ఎత్తడానికే గానీ మోయడానికి కాదని మీకు వేరే చెప్పనవసరం లేదు, అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఈ పేజీని చదివే అందరూ ఫిట్టర్లు కారు. బండి కింద పని చేసినంతసేపూ బరువు స్టాండ్ల మీదే ఉండాలి. వీలుంటే ముందు రెండు చక్రాలనూ లేపండి. ఒక్క వైపే లేపితే రెండు వైపులనూ కలిపి బండి ఒరగకుండా ఆపే అడ్డ కడ్డీ, స్టెబిలైజర్ బార్, మెలిపడి మీరు కిందికి దించాలనుకున్న ఆర్మ్‌ను పైకి గుంజుతూ ఉంటుంది. అప్పటికీ ఆర్మ్ దిగకపోతే లింక్ రాడ్‌ను ఒక వైపు విప్పేస్తే సరి. చక్రం తీశాక జాయింట్ చుట్టూ ఉన్న మట్టిని వైర్ బ్రష్‌తో గీకి, నట్టు మీద, బోల్టు మీద తుప్పు వదిలించే నూనె చల్లి ఓ అరగంట ఆగండి.

ఇక కాడను నకిల్ నుంచి విడదీయాలి. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటి దానిలో కాడ తిన్నగా పైకి పోయి నకిల్‌లోని చీలిక ఉన్న రంధ్రంలో కూర్చుంటుంది, ఆ చీలికను అడ్డంగా ఒక బోల్టు నొక్కి పట్టుకుంటుంది. కాడకు చుట్టూ ఒక గాడి ఉంటుంది, బోల్టు ఆ గాడిలో నుంచి వెళ్తుంది. అందుచేత బోల్టును వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి లాగాలి. ఈ సంగతి తెలియక గంటసేపు ఆర్మ్‌ను సుత్తితో బాదిన కుర్రవాళ్లను చూశాను. బోల్టు తీశాక చీలికలో ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేసి కొంచెం విప్పి, ఆర్మ్‌ను పొడవాటి కడ్డీతో కిందికి వంచితే కాడ జారివస్తుంది. చీలికను మరీ విప్పకండి, నకిల్ పగిలితే దాని ఖరీదు వేరే కథ.

రెండో రకంలో కాడ టేపర్‌గా, అంటే కిందినుంచి పైకి సన్నబడుతూ ఉంటుంది, చివర కిరీటంలాంటి నట్టు, దాని గాడుల్లో నుంచి పోయి నట్టు తిరగకుండా ఆపే కాటర్ పిన్ ఉంటాయి. పిన్ను తీసి, నట్టును పూర్తిగా తీయకుండా రెండు మూడు మరలు మిగిల్చి వదులు చేయండి. అలా ఉంచితే టేపర్ ఒక్కసారిగా వదిలినప్పుడు ఆర్మ్ ఎగిరి మీ మోకాలి మీద పడదు. ఇప్పుడు సుత్తితో కాడ కొనను కొట్టాలనిపిస్తుంది, కొట్టకండి. దెబ్బ వేయాల్సినది నకిల్ కంటికి, అంటే కాడ కూర్చున్న రంధ్రం చుట్టూ ఉన్న ఇనుముకు, పక్క నుంచి. ఒక వైపు బరువైన సుత్తి ఆనించి, ఎదుటి వైపు నుంచి మరో సుత్తితో గట్టిగా రెండు మూడు దెబ్బలు వేస్తే కన్ను క్షణకాలం అణిగి టేపర్ పట్టు వదులుతుంది. ఆ వదిలిన శబ్దం బిగుసుకున్న సీసా మూత తెరుచుకున్నట్టు ‘టప్’మని వినిపిస్తుంది. కాడను నొక్కి విడదీసే పనిముట్టు, పుల్లర్, ఉంటే ఇంకా మేలు. రెండు కాళ్ల ఫోర్కును మధ్యలోకి దిగ్గొట్టే పద్ధతి బూటును చింపేస్తుంది కాబట్టి ఎలాగూ పారేసే జాయింట్‌కే వాడాలి.

నకిల్ విడిపోయిన తర్వాత దాన్ని అలాగే వేలాడనివ్వకండి. బరువంతా బ్రేకు హోస్ మీద పడుతుంది, లేదా నకిల్ బయటికి సాగి, ఇంజన్ శక్తిని చక్రానికి అందించే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడుతుంది. ఒక గట్టి తాడుతో నకిల్‌ను స్ప్రింగుకు కట్టేయండి. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి అయితే చక్రం దగ్గరి సెన్సర్ తీగ సాగకుండా క్లిప్పుల నుంచి విడిపించి పెట్టుకోండి.

ప్రెస్సుతో దింపే రకమైతే లాక్ రింగు తీసి, సీ ఆకారపు ప్రెస్సు పట్టుతో పాతదాన్ని నెట్టేయాలి. కొత్తదాన్ని దింపేటప్పుడు ఒత్తిడి గిన్నె బయటి అంచు మీద మాత్రమే పడేలా సరైన కొలత గొట్టాన్ని పెట్టుకోండి. నడిమి మూత మీద నొక్కితే లోపలి ప్లాస్టిక్ పొర నలిగి, కొత్త జాయింట్ మొదటి రోజు నుంచే బిర్రుగా తిరుగుతుంది. దింపేటప్పుడు ఏమాత్రం అడ్డు లేకుండా జారిపోయిందంటే ఆర్మ్ రంధ్రం పెద్దదయిందని అర్థం, అప్పుడు ఆర్మ్ కూడా మార్చాలి.

టేపర్‌ను, అది కూర్చునే రంధ్రాన్ని పొడిగుడ్డతో తుడిచి అలాగే పొడిగా బిగించాలి. గ్రీజు రాస్తే మంచిదనుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు. బరువును పట్టేది నట్టు కాదు, రెండు ఇనుప ముఖాల మధ్య రాపిడి. నట్టు చేసేది టేపర్‌ను లోపలికి లాగడమే. నట్టు బిగిస్తుంటే కాడ కూడా దాంతోపాటు తిరుగుతోందా? ఆర్మ్ కింద జాకీ పెట్టి కొంచెం పైకి ఎత్తితే టేపర్ రంధ్రంలో కరుచుకుంటుంది, అప్పుడు తిరగదు. బిగువు ఎంతో బండి సర్వీసు మాన్యువల్‌లో న్యూటన్ మీటర్లలో ఉంటుంది, టార్క్ పానాతో అంతే బిగించండి. కాటర్ పిన్ రంధ్రం, నట్టు గాడి ఎదురెదురుగా రాకపోతే నట్టును వెనక్కి తిప్పకూడదు, తరువాతి గాడి వచ్చేదాకా ముందుకే బిగించాలి. పిన్ను కొత్తది వేయాలి. నైలాన్ నట్టు వచ్చే రకమైతే నట్టూ కొత్తదే వేయాలి. ఒకసారి వంచి తీసిన పిన్నును మళ్లీ వాడితే ఏమవుతుందో రైల్వే ఫిట్టరుకు నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే అవుతుంది.

ఆర్మ్‌ను కూడా విప్పి ఉంటే దాని లోపలి వైపు బుష్ బోల్టులను బండి గాలిలో ఉన్నప్పుడు పూర్తిగా బిగించవద్దు. చక్రాలు నేలను తాకి బరువు పడ్డాకే చివరి బిగువు ఇవ్వాలి. గాలిలో బిగిస్తే బుష్ రబ్బరు ఎప్పుడూ మెలిపడిన స్థితిలోనే ఉండి తొందరగా చిరుగుతుంది. పని ముగిశాక ఓ 100 కిలోమీటర్లు తిరిగి, బోల్టుల బిగువును, చక్రం నట్లను మరోసారి చూసుకోండి.

పరకాల నుంచి ఒక రైతు: కొత్త బాల్ జాయింట్ ఎందుకు, పాతదాన్నే లేత్ షాపులో నొక్కించి బిర్రు చేయిస్తానని మా మెకానిక్ అంటున్నాడు. ఇంకొకరు ఆర్మ్ రంధ్రంలో వదులుగా ఉన్న జాయింట్‌కు వెల్డింగు చుక్కలు పెడితే సరిపోతుందన్నారు. చేయించవచ్చా?

జవాబు: రెండూ వద్దు. ఇంత కచ్చితంగా చెప్పడానికి నా సొంత అనుభవమే కారణం. చాలా ఏళ్ల కిందట నా పాత కారు జాయింట్‌ను ఒక షెడ్డులో ఇలాగే నొక్కించుకున్నాను. గిన్నె అంచును ప్రెస్సులో వంచి బంతిని బిగించి ఇచ్చారు, చప్పుడు పోయింది, స్టీరింగ్ కూడా గట్టిగా అనిపించింది, నేను మురిసిపోయాను. రెండు నెలలు కూడా కాకముందే ములుగు రోడ్డులో ఒక మలుపు దగ్గర బండి నెమ్మదిగా పోతుండగా కుడి చక్రం బయటికి వాలిపోయింది. వేగం లేదు కాబట్టి ఈ పేజీ రాస్తున్నాను. ఊడిన ముక్కను చేతిలోకి తీసుకుని చూస్తే గిన్నె వంచిన అంచు పొడవునా సన్నటి పగులు, బంతి మీద గోరు ఇరుక్కునేంత తుప్పు గుంటలు కనిపించాయి. ఇనుమును నొక్కి ఖాళీని మూయవచ్చు, కానీ అరిగిన బంతి మళ్లీ నున్నగా కాదు, అరిగిపోయిన ప్లాస్టిక్ పొర తిరిగి రాదు.

వెల్డింగు అంతకన్నా చెడ్డది. ఆ వేడికి లోపలి ప్లాస్టిక్ పొర మెత్తబడుతుంది, గ్రీజు కాలిపోతుంది, బూటు మాడుతుంది, ఉక్కు గట్టితనం కూడా ఆ చోట మారిపోతుంది. బయటికి మాత్రం పని పటిష్ఠంగా కనిపిస్తుంది, ప్రమాదమంతా ఆ కనిపించడంలోనే ఉంది. పాత ట్రాక్టరు ట్రాలీకి పట్టీ వెల్డింగు చేయించడం వేరు, స్టీరింగ్‌తో తిరిగే కీలుకు చేయించడం వేరు. కొత్త జాయింట్ ధర ఒక టైరు ధరలో చిన్న వంతే. పేరున్న తయారీదారుది, పెట్టె మీద భాగం నంబరు ముద్రించినది, బిల్లుతో కొనండి. కొన్న వెంటనే కాడను చేత్తో తిప్పి చూడండి: బరువుగా, ఒకే రీతిగా కదలాలి. వదులుగా ఊగితే, మధ్యలో పట్టి పట్టి వదిలితే అక్కడే తిరిగి ఇచ్చేయండి.

భూపాలపల్లి నుంచి ఒక ట్యాక్సీ డ్రైవరు: నాది పెద్ద బండి. మేడారం, కాళేశ్వరం యాత్రలకు ఏడెనిమిది మందిని ఎక్కించుకుని తిరుగుతాను. బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్లు కావడంతో ముందు చక్రాల పని తరచూ వస్తోంది. చక్రం లేపి ఊపితే ఆట తగలడం లేదు, అయినా బండి రోడ్డు మీద అటూ ఇటూ పాకుతోంది. బాల్ జాయింట్ బాగున్నట్టేనా?

జవాబు: తమ్ముడూ, పై పరీక్ష నీ బండికి వర్తించదు. ఇన్నోవా, స్కార్పియోలాంటి బండ్లలో చాలావాటికి ముందు చక్రానికి పైనా కిందా రెండు ఆర్మ్‌లుంటాయి, రెండు చోట్లా బాల్ జాయింట్లుంటాయి. స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చుంటుంది, కాబట్టి ముందు భాగం బరువు కింది బాల్ జాయింట్ గుండానే చక్రానికి చేరుతుంది. చాసిస్ కింద జాకీ పెట్టి లేపితే స్ప్రింగు ఆర్మ్‌ను కిందికి నొక్కుతూనే ఉంటుంది, ఆ ఒత్తిడికి జాయింటులోని ఖాళీ దాగిపోతుంది, ఊపినా చేతికి తగలదు. జాకీని కింది ఆర్మ్ కిందే, బాల్ జాయింట్‌కు వీలైనంత దగ్గరగా పెట్టి టైరు నేలకు కాస్త పైన ఉండేలా లేపాలి. అప్పుడు స్ప్రింగు బరువు జాకీ మీదికి వచ్చి జాయింట్ విడుదలవుతుంది. టైరు కింద పొడవాటి కడ్డీ పెట్టి పైకి ఎత్తుతూ, మరొకరిని జాయింట్ మీద వేలు పెట్టి చూడమనాలి. ఆట ఎంతవరకు ఉండవచ్చన్నది మాన్యువల్‌లో ఉంటుంది. అది దాటితే యాత్ర వాయిదా వేసుకోవాల్సిందే.

ఈ రకం బండిలో జాయింట్ విప్పే పని ఇంటి ముందు చేయవద్దు. కింది ఆర్మ్‌కు జాకీ ఆధారం లేకుండా కాడను విడదీస్తే, నొక్కి ఉన్న స్ప్రింగు ఆర్మ్‌ను ఒక్క విసురున కిందికి తన్నుతుంది. ఆ దారిలో చెయ్యి ఉన్నా తల ఉన్నా మిగలదు. ఇది అలవాటున్న షెడ్డులో మాత్రమే చేయించు. బండి కొత్తదైతే మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ట్యాక్సీకి ఫిట్‌నెస్ చేయించాలన్నది నీకు తెలిసినదే. కానీ నీ రోడ్లలో ఏడాది చాలా పెద్ద గడువు. ఇంజన్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ బండి ఎలాగూ పైకి ఎక్కుతుంది, అప్పుడే రెండు నిమిషాలు బూట్లను టార్చి వేసి చూడమని అడుగు. గ్రీజు నిపుల్ ఉన్న జాయింట్ అయితే గ్రీజు కొట్టించు, బూటు కొంచెం ఉబ్బగానే ఆపించు. ఇంకా కొడితే బూటు పగులుతుంది.

కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు: సర్వీసుకు ఇచ్చినప్పుడు ఎడమ బాల్ జాయింట్ బూటు చిరిగిందని, ఆట మాత్రం లేదని చెప్పారు. బూటు ఒక్కటే మార్చితే చాలదా? రెండో వైపుది కూడా మార్చాలా?

జవాబు: అమ్మా, అది గ్రీజును బట్టి ఉంటుంది. చిరుగు దగ్గరి గ్రీజును చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూడమనండి. వెన్నలా మెత్తగా ఉంటే చిరుగు కొత్తది, వెంటనే బూటు మార్చి కొత్త గ్రీజు నింపితే జాయింట్ బతుకుతుంది. ఇసుక గరగర తగిలినా, రంగు తుప్పులా గోధుమగా మారినా జాయింట్ మార్చేయండి. బూటు వేయడానికి కూడా కాడను విడదీయక తప్పదు కాబట్టి కూలి దాదాపు అంతే అవుతుంది. బోల్టులతో బిగించే రకమైతే నేను జాయింట్ మార్చడానికే మొగ్గుతాను. రెండో వైపును పరీక్షించమనండి, బాగుంటే వదిలేయండి. షాక్ అబ్జార్బర్లలా వీటిని జతగా మార్చాలన్న నియమమేదీ లేదు.

జగిత్యాల నుంచి ఒక పాఠకుడు: రెండు వైపులా లోయర్ ఆర్మ్‌లు, బాల్ జాయింట్లు కొత్తవి వేయించాను. చప్పుడు పోయింది గానీ తిన్నగా వెళ్లేటప్పుడు స్టీరింగ్ ఎడమకు వంకరగా ఉంటోంది, బండి కూడా ఎడమకు లాగుతోంది. భాగాలు నాసిరకమా?

జవాబు: భాగాలను తప్పుపట్టే ముందు వీల్ అలైన్‌మెంట్ చేయించారా అన్నది రాయలేదు. ఆర్మ్‌లు మార్చినప్పుడు అది తప్పనిసరి. స్టీరింగ్ వంకర చాలావరకు టో కొలత (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న తీరు) తప్పినందుకే వస్తుంది, టై రాడ్ల దగ్గర సరిచేస్తే పోతుంది. లాగడం వేరే సంగతి. ముందు రెండు టైర్ల గాలి సమానంగా ఉందో చూసి, టైర్లు ఒకే దిశలో తిరగాల్సిన రకం కాకపోతే కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చి నడపండి. లాగడం కుడికి మారితే దోషం టైరుది, ఎడమకే ఉండిపోతే బండిది. అలైన్‌మెంట్ మిషను ఇచ్చే కాగితంలో రెండు వైపుల క్యాంబర్ (చక్రం పక్కకు వాలిన కోణం), క్యాస్టర్ (చక్రం తిరిగే నిలువు ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) అంకెలు పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య పెద్ద తేడా కనిపిస్తే ఆర్మ్ సరిగా కూర్చోలేదా, నకిల్‌ను స్ట్రట్‌కు బిగించే బోల్టులు విప్పి అటూ ఇటూగా బిగించారా అని చూడాలి. ఆర్మ్ బుష్‌లను బండి గాలిలో ఉండగానే బిగించారేమో కూడా అడగండి. అవునంటే బండిని నేల మీద నిలబెట్టి బోల్టులు వదులు చేసి, మూలలను నాలుగైదుసార్లు నొక్కి వదిలి, మళ్లీ బిగించిన తర్వాతే అలైన్‌మెంట్‌కు పంపండి. ముందు అలైన్‌మెంట్ చేసి తర్వాత బోల్టులు ముట్టుకుంటే ఆ కాగితం చెల్లదు.